గోదావరి డెల్టాలో మాఘ ఫాల్గుణాల గాలపు వేట

సంక్రాంతి సందడి సద్దుమణిగి శివరాత్రి దగ్గరపడే వేళకు గోదావరి డెల్టాలో గాలాలు బయటికి వస్తాయి. ఫిబ్రవరి మొదటి వారం నుంచి ఉగాది వెళ్లిన కొద్ది రోజుల వరకు కాలువ రేవుల్లో, లాకు గోడల మీద, ఊరి చెరువు మెట్ల మీద కూర్చుని మంచినీటి చేపలను గాలంతో పట్టడం ఇక్కడి పాత అలవాటు. 2022 ఏప్రిల్ వరకు ఉభయ గోదావరి జిల్లాలుగా ఉండి, ఆ తర్వాత తూర్పు గోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లోకి సర్దుకున్న పల్లపు ప్రాంతం ఈ వ్యాసానికి పరిధి. వలతో బతికేవారి వృత్తి వేట ప్రస్తావన అవసరమైన చోట మాత్రమే వస్తుంది.

గోదావరి చేప అనగానే బయటివారికి పులస గుర్తొస్తుంది. పులసకూ ఈ వేటకూ సంబంధం లేదు. అది ఎర్రనీరు వచ్చే వరద రోజుల్లో, జులై నుంచి సెప్టెంబరు దాకా, సముద్రం నుంచి నదిలోకి ఎదురీదే చేప. నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటుంది కనుక గాలం జోలికి రాదు, వలకే పడుతుంది. మాఘ ఫాల్గుణాల్లో గాలానికి తగిలేవి ఊరి నీళ్లలో పుట్టి పెరిగిన పరిగెలు, జెల్లలు, ఇసుకదొందులు, మట్టగిడసలు, కొర్రమీనులు; అదృష్టం బాగుంటే ఒక వాలుగ. వీటిలో చాలావాటికి బజారులో పులసకున్న ధర దరిదాపుల్లో కూడా పలకదు. డెల్టాలో పెరిగిన మనిషికి చేప రుచి తెలిసేది మాత్రం ముందు వీటితోనే.

నీటిమట్టం చెప్పే ఋతువు

చలిదేశాల్లో వసంతపు వేట మంచు కరగడంతో మొదలవుతుంది. సరస్సు మీద గడ్డకట్టిన పొర విడిపోయాక ఒడ్డున లోతు తక్కువ నీరు ముందుగా వేడెక్కుతుంది, చలికాలమంతా అడుగున మందకొడిగా పడివున్న చేపలు ఆ వెచ్చదనం కోసం గట్టు దగ్గరికి వస్తాయి. అందుకే అక్కడివాళ్లు చెక్కవంతెనల మీద నుంచి, అడుగు తీసి అడుగు వేసేంత దూరంలోనే గాలం వేస్తారు. గోదావరి డెల్టాలో ఆ లెక్క పనిచేయదు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు గాని, ఫిబ్రవరి పగళ్లలో ఉష్ణోగ్రత అప్పటికే 30 డిగ్రీల సెల్సియస్ దాటుతూ ఉంటుంది. పుష్య మాసపు చలిలో మేత తగ్గించిన చేప మాఘంలో మళ్లీ మేతకు తిరుగుతుందన్నది నిజమే. డెల్టాలో చేపల చెరువుల రైతులు కూడా ఈ రోజుల్లోనే మేత పెంచుతారు. కానీ ఇక్కడ వేటను నడిపేది ఎండ కాదు, నీటిమట్టం. ఆ మట్టం ధవళేశ్వరం దగ్గర నిర్ణయమవుతుంది.

అక్కడ సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో తర్వాత వచ్చిన బ్యారేజీ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల ద్వారా సుమారు పది లక్షల ఎకరాలకు నీరిస్తోంది. తొలి పంట సార్వా కోత అయ్యాక డిసెంబరు, జనవరి నెలల్లో రెండో పంట దాళ్వాకు నాట్లు పడతాయి. నదిలో సహజంగా వచ్చే నీరు అప్పటికి పలచబడి ఉంటుంది, సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి విడుదలయ్యే నీరు తోడై దాళ్వాను గట్టెక్కిస్తుంది. కొరత ఉన్న ఏడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాలువలకు వంతులవారీగా నీళ్లు వదులుతారు. అంటే ఒక కాలువలో కొన్ని రోజులు నిండుగా, మరికొన్ని రోజులు మోకాలి లోతున పారుదల ఉంటుంది. వరి ఈనిక దాటి గింజ పాలు పోసుకున్నాక చేలల్లోంచి నీరు మురుగు కోడుల్లోకి దిగుతుంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు.

గాలం వేసేవాడి క్యాలెండరు మొత్తం ఇందులోనే ఉంది. మాఘంలో కాలువ నిండుగా ఉన్నప్పుడు చేప చెదిరి ఉంటుంది. ఫాల్గుణంలో మట్టం దిగుతున్న కొద్దీ బోదెల్లో, చేలల్లో, తూముల దగ్గర ఉన్న చేప లోతు వెతుక్కుంటూ కాలువ మలుపులకు, వంతెనల కిందికి, రేవు గుంటలకు చేరుతుంది. వంతు తప్పిపోయి మళ్లీ నీళ్లు వచ్చిన తొలి పూటన గాలాలు బాగా పలుకుతాయని అనుభవజ్ఞులు చెబుతారు. కొత్త నీటి వెంట పురుగూ పుట్రా కొట్టుకొస్తుంది కనుక నమ్మదగిన మాటే.

ఊపిరి లెక్క

నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములకు మించి పట్టదు. నాచు, గుర్రపుడెక్క పట్టిన చెరువులో రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. తెల్లవారే వేళకు అది అడుగంటుతుంది. పొద్దున్నే చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే గాలం వేయడానికి ఇదే మంచి సమయమని కొత్తవాళ్లు సంబరపడతారు. ఆ చేప గాలి కోసం తేలింది, మేత కోసం కాదు. అలాంటి చెరువులో పొద్దెక్కి నాచు మళ్లీ ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టాక, ఎనిమిది తొమ్మిది గంటల వేళకు గాని ఎర ముట్టదు. పారే కాలువలో ఈ ఇబ్బంది లేదు. అక్కడ తెల్లవారుజామే శ్రేష్ఠం. లాకు తలుపుల కింద నీరు పడి నురగలు కక్కే చోట రోజంతా ప్రాణవాయువు ఉంటుంది కనుక మిట్టమధ్యాహ్నం కూడా ఒకటో రెండో తగులుతాయి.

సాయంత్రం పైరగాలి మరో సంగతి. సముద్రం వైపు నుంచి వీచే ఈ గాలి ఫాల్గుణంలో బలపడుతుంది. చెరువులో తేలే సన్నటి మేతను గాలి ఎదుటి గట్టుకు నెడుతుంది, పరిగెలు దాని వెంటే పోతాయి. గాలికి ఎదురుగా కూర్చుంటే బెండు కదలిక చూడటం కష్టం గాని, చేప ఉండేది ఆ గట్టునే.

వేడికీ ఊపిరికీ ఉన్న ఈ ముడి వల్లే డెల్టా గాలాల్లో ఒక ప్రత్యేక వర్గం చేపలకు పెద్దపీట దక్కింది. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకునే ఏర్పాటున్నవి. బురదనీటిలో మిగతా చేపలు చచ్చిపోయినా ఇవి బతుకుతాయి. నీళ్లు ఇంకే కొద్దీ ఇవే మిగులుతాయి. గొరక అయితే మొప్ప మూతల ముళ్ల ఆసరాతో తడి నేల మీద కొంత దూరం పాకి మరో గుంట చేరుకోగలదు.

కూర్చునే చోట్లు

డెల్టా ఊళ్లలో కాలువకు దిగే మెట్ల వరుసను రేవు అంటారు. స్నానాల రేవు, చాకిరేవు, పశువుల రేవు అని వాడకాన్ని బట్టి వేర్వేరు. అంట్లు తోమే రేవు దగ్గర మెతుకుల రుచి మరిగిన పరిగెలు పగలంతా గుంపులు కట్టి తిరుగుతాయి. పిల్లలు తొలి గాలం వేసేది అక్కడే, ఎర కూడా అన్నం మెతుకే. పశువుల రేవు దగ్గర బురద కదిలి పురుగులు లేస్తాయి కనుక జెల్లలు, ఇసుకదొందులు ఎక్కువ. సబ్బునీరు పారే చాకిరేవును వేటగాళ్లు వదిలేస్తారు.

లాకులది వేరే లోకం. కాటన్ కాలువలు సాగునీటికీ పడవ ప్రయాణాలకూ కలిపి తవ్వినవి. కాకినాడ నుంచి చెన్నపట్నం దాకా ధాన్యం, కొబ్బరి, కలప ఈ కాలువల మీదుగానే సాగాయి. నీటిమట్టం మారే చోటల్లా పడవలు దించడానికి, ఎక్కించడానికి రాతి గోడల లాకులు కట్టారు. రైళ్లు, లారీలు వచ్చి పడవలు మూలపడినా లాకులు మిగిలాయి. నిలువు గోడ పక్కనే లోతు, తలుపుల కింద ఊరే నీరు, రాళ్ల సందులు. చేపకు ఇంతకంటే ఏం కావాలి? కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువల వరుసను 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అది ఎప్పుడు పూర్తి స్థాయిలో పారుతుందో గాని, ప్రస్తుతానికి లాకు గోడల మీద పడవల కంటే గాలాలే ఎక్కువ కనిపిస్తాయి.

రాజమహేంద్రవరంలో పుష్కర రేవు, కోటిలింగాల రేవుల నుంచి వేసే గాలం అఖండ గోదావరిలో పడుతుంది. బ్యారేజీ వెనక నిలిచిన నీరు కనుక ఎండాకాలం ముందు కూడా లోతు ఉంటుంది, చేప పెద్దది ఉంటుంది, దొరకడమే తక్కువ. భక్తులు వదిలే మరమరాలు, అటుకుల కోసం మెట్ల దగ్గరికి వచ్చే చేపలను చూసి ఆశపడకూడదు. స్నానాలు చేసేవాళ్ల మధ్య గాలం విసరడం మర్యాద కాదు, ప్రమాదం కూడా. బ్యారేజీ కింద గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లో ఈ రోజులకు సముద్రపు పోటు పైదాకా ఎక్కి నీరు ఉప్పగిల్లుతుంది కనుక అక్కడి వేట ఈ వ్యాసానికి బయటిది.

ఇక ఊరి మంచినీటి చెరువు. కాలువలు కట్టేయడానికి ముందే పంచాయతీలు వేసవి తాగునీటి కోసం ఈ చెరువులను కాలువ నీటితో నింపుతాయి. ఆ నీటితో పాటు తూము గుండా కాలువ చేప చెరువులోకి వస్తుంది. ఎవరూ పిల్ల వేయకపోయినా ఏటా చెరువులో జెల్లలు, పరిగెలు కనబడటానికి కారణం ఇదే.

కొర్రమీను

డెల్టా గాలానికి రాజు కొర్రమీను. పాము తలలాంటి తల, పళ్ల వరుస, ఒంటి నిండా జిగురు, మధ్య ముల్లు తప్ప సన్నముళ్లు లేని గట్టి మాంసం. బతికుండగానే అమ్ముడుపోయే చేప ఇది. తడి గోనెలో చుట్టి ఊరు దాటించినా ప్రాణంతో ఉంటుంది. మాటు వేసి వేటాడుతుంది. కిక్కిస దుబ్బుల అంచున, తూటుకాడ అల్లుకున్న గట్ల కింద, గుర్రపుడెక్క మధ్య తెరిపి ఉన్న చోట కదలకుండా ఉండి, దగ్గరికొచ్చిన కప్పపిల్లనో చిన్న చేపనో ఒక్క ఊపున అందుకుంటుంది. గాలి పీల్చడానికి కొద్దిసేపటికోసారి పైకి రావాలి కాబట్టి తన ఉనికిని తనే చెప్పేస్తుంది. నీటి పైన చిన్న బుడగ, మెల్లగా ఒక సుడి. దాన్ని గుర్తుపట్టిన వేటగాడు ఆ సుడికి కాస్త అవతల ఎర వేసి, దాని మీదుగా లాగుతాడు.

ఎరగా బతికిన కప్పపిల్లే పాత పద్ధతి. గాలం దాని తొడ చర్మానికి గుచ్చి నీటి మీద ఈదనిస్తారు. కొర్రమీను పట్టిన వెంటనే లాగకూడదు. మొదట పెదవులతో పట్టుకుని, కాస్త దూరం పోయి, తిప్పుకుని మింగుతుంది. ఆ విరామంలో ఓపిక పట్టలేనివాడికి ఎర కూడా మిగలదు. నీరుకట్టె పాము సైతం కప్ప కోసం వస్తుంది. విషం లేని పామే అయినా గాలంతో సహా గట్టెక్కితే చుట్టుపక్కల ఎవరూ నిలబడరు.

కొర్రమీను ప్రధానంగా వానకాలంలో గుడ్లు పెడుతుంది. ఎర్రటి పిల్లలు నీటి పైన గుంపుగా తిరుగుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా కాస్తాయి. ఆ సమయంలో పిల్లల గుంపు మధ్య ఎర పడితే కోపంతో వచ్చి కరుస్తాయి. పట్టడం చాలా సులువు. ఇలా పట్టిన ఒక్క చేపతో వందల పిల్లలు దిక్కులేనివవుతాయి కనుక తెలిసినవాళ్లు ఆ పని చేయరు. మాఘ ఫాల్గుణాల వేటలో ఈ సంకటం లేదు. చేప కొవ్వు పట్టి, గుడ్లు ఇంకా ముదరక, తినడానికి బాగుండే కాలం ఇది.

ఒక తనిఖీ మాత్రం తప్పదు. చలికాలంలో కొర్రమీను, మట్టగిడస, పరిగెల ఒంటి మీద ఎర్రటి పుండ్లు కనబడతాయి. 1988లో ఈశాన్య భారతంలో మొదట కనిపించి దేశమంతా పాకిన బూజు జాతి జబ్బు ఇది. నీరు వేడెక్కే కొద్దీ తగ్గిపోతుంది. అందుకే ఫిబ్రవరి మొదట్లో పట్టిన కొర్రమీనును తిరగేసి చూస్తారు, మార్చి వచ్చేసరికి ఆ బెంగ ఉండదు.

మిగతా చేపలు

పరిగె గాలం వేటకు ఓనమాలు. చిటికెన వేలంత చేప, సన్న గాలం, ఎర్ర (వానపాము) ముక్క లేదా గోధుమపిండి ముద్ద. బెండు టకటకా రెండుసార్లు ఆడి మూడోసారి మునిగితే లాగాలి. జెల్లకు ఎర అడుగుకు తాకాలి, పొద్దు వాలాలి. వీపు మీది ముల్లు, రెక్కల ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి వాస్తుంది. ఇంగిలాయి ముల్లు ఇంకా చెడ్డది. దానికి విషగ్రంథి ఉంది, నొప్పి భుజం దాకా పాకుతుంది. గుచ్చుకున్న భాగాన్ని భరించగలిగినంత వేడినీటిలో ఉంచితే బాధ తగ్గుతుంది, ఆ తర్వాత వైద్యుడికి చూపించాలి. దాన్ని గాలం నుంచి తీసేటప్పుడు గుడ్డతో తల వెనక పట్టుకోవడం నేర్చుకునే దాకా పిల్లల్ని ముట్టనివ్వరు.

వాలుగ రాత్రి చేప. నోరు చెవుల దాకా చీలినట్టుంటుంది, మీటరు పొడవుకు మించి పెరుగుతుంది, ఎదురుగా ఏ చేప కనబడినా మింగుతుంది. దీనికి బతికిన పరిగెను గాలానికి గుచ్చి, తాడును గట్టున గుంజకు కట్టి వదిలేసి పొద్దున్నే చూసుకుంటారు. బొమ్మిడాయిలు బురదలో దాగే రకం. గాలానికి అప్పుడప్పుడు తగిలినా ఎక్కువగా మావులనే ఉచ్చుల్లోనే పడతాయి.

బొచ్చె, శీలావతి, మృగాల నదిలో సహజంగా ఉన్నా, ఇప్పుడు గాలానికి తగిలేవి చాలావరకు పెంపకం చెరువుల నుంచి వరదలకు గట్లు తెగి బయటపడ్డవో, వాటి సంతతో. వీటి వేటలో ఓపికంతా మేత చల్లడంలో ఉంటుంది. తవుడు, వేరుశనగ చెక్క కలిపి నానబెట్టి పులియనిచ్చి, ఉండలు కట్టి ముందు రోజు నుంచే ఒకే చోట వేస్తారు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీటిలో తింటుంది కనుక ఎర బెత్తెడు లోతునే ఉండాలి. శీలావతికి నడిమి నీరు, మృగాలకు అడుగు.

కర్ర, తంగూసు, బెండు

సన్న వెదురు కర్ర, దాని పొడవుకు కాస్త మించిన తంగూసు దారం, సీసపు గుండు, బెండు, గాలం. ఇంతకు మించి సరంజామా అక్కర్లేదు. బెండుకు నెమలి ఈక కాడ శ్రేష్ఠం, జీలుగ బెండు తర్వాతిది. అరిగిపోయిన హవాయి చెప్పు ముక్క అందరికీ అందుబాటులో ఉండేది. ఎర్రల కోసం అరటితోట బోదెల్లో, పేడ దిబ్బ పక్కన తవ్వితే చాలు. ఇప్పుడు రాజమహేంద్రవరం, భీమవరం కుర్రాళ్ల చేతుల్లో రీళ్లున్న ఫైబరు కర్రలు, రబ్బరు కప్పలు కనబడుతున్నాయి. వీడియోలు చూసి నేర్చిన విద్య ఇది. గుర్రపుడెక్క మీద రబ్బరు కప్పను గెంతించి కొర్రమీనును పట్టడంలో వీళ్లు పాతవాళ్లను మించిపోయారన్నది ఒప్పుకోవాలి, బతికిన కప్ప అవసరం కూడా తప్పింది.

రాజులు, దొరలు

గాలం వేటను గ్రంథస్థం చేసిన పాత ఆధారాల్లో ఒకటి మన పొరుగున పుట్టింది. పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో రాయించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే భాగం ఉంది. చేపల రకాలు, ఏ చేపకు ఏ మేత, గాలం ఎలా వేయాలి అన్నవన్నీ రాజవినోదంగా వివరించాడు. ఆయన తండ్రి ఆరవ విక్రమాదిత్యుడి చివరి రోజుల్లో వేంగి కూడా కొంతకాలం ఆ రాజ్యం కిందికే వచ్చింది. కొల్లేటి చేపల సంగతి ఆ కొలువుకు తెలిసే ఉంటుందని ఊహించడంలో తప్పులేదు, రుజువు మాత్రం లేదు.

ఆంగ్లేయుల కాలంలో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివాన్ థామస్ 1873లో భారతదేశపు గాలం వేట మీద ఒక పుస్తకం, 1887లో కేవలం చెరువుల గాలం వేట మీద మరో పుస్తకం వెలువరించాడు. కొండవాగుల్లో పెద్ద చేపలతో కుస్తీ పట్టడమే వేట అనుకునే దొరల మధ్య ఊరి చెరువు మీద పుస్తకం రాయడం విశేషమే. అదే 1873లో చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే, భారత మంచినీటి చేపల మీద ప్రభుత్వానికిచ్చిన నివేదికలో ఆనకట్టలు చేపల రాకపోకలకు అడ్డమవుతున్న సంగతి చర్చించాడు. ధవళేశ్వరం కట్టాక ఎగువకు పోలేకపోయిన చేపల కథ అప్పుడే మొదలైంది. దిగువన వేల మైళ్ల కాలువలూ బోదెలూ ఏర్పడి కొర్రమీనుకు, జెల్లకు కొత్త ఇళ్లు దొరికాయన్నది ఆ కథలో రెండో సగం. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

కొల్లేరు

గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. ఫాల్గుణానికి సరస్సు చాలా చోట్ల నడుం లోతుకు దిగుతుంది. తాటి మాను తొలిచి చేసిన దోనెల మీద వడ్డీ కులపు మత్స్యకారులు మావులు, విసురు వలలు, గాలాలు పట్టుకుని తిరిగే కాలం ఇది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర కూడా ఫాల్గుణంలోనే వస్తుంది. ఇక్కడి గాలం వినోదం కాదు. పొడవాటి తాడుకు పదుల కొద్దీ గాలాలు వేలాడదీసి, సాయంత్రం వేసి, పొద్దున్నే ఎత్తే వృత్తి వేట.

1970ల రెండో సగంలో సరస్సులో చేపల చెరువుల తవ్వకం మొదలైంది. మొదట మత్స్యకార సంఘాలకు దక్కిన చెరువులు తర్వాత డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయి, గట్ల వలలో సరస్సు చిక్కుకుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువుల గట్లు కొట్టేశారు. కొన్ని మళ్లీ లేచాయి. ఈ గొడవలో అందరికంటే నష్టపోయింది చెరువు లేని, వల లేని, గాలమే ఆధారమైన చిన్న వేటగాడు. అతను వెళ్లే నీటిదారులు ఒకసారి గట్లతో, మరోసారి ఆంక్షలతో మూసుకుపోయాయి. ఆటపాక గూడకొంగలను చూడటానికి వెళ్లేవారు అభయారణ్యం హద్దుల్లో గాలం వేయకూడదు. సంప్రదాయ వేటకు వెసులుబాటు ఉన్నది స్థానిక మత్స్యకారులకే.

పిలవని చుట్టాలు

మంచినీటి చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రంలో, దానికి గుండెకాయలాంటి కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం ప్రాంతంలో, కాలువ గాలానికి నాటు చేప దొరకడం ఏటేటా కష్టమవుతోంది. లారీల్లో మంచు కప్పుకుని బెంగాల్, అస్సాంలకు పోయే శీలావతి, బొచ్చెలకు లోటు లేదు. మట్టగిడసకే వచ్చింది లోటు. దాళ్వాలో చల్లే పురుగుమందులు కోడుల్లోకి దిగుతాయి, చెరువుల మురుగు దానికి తోడవుతుంది. పైగా బయటి జాతులు చేరాయి. 1952లో దేశానికి తెచ్చిన తిలాపియా ఇప్పుడు ప్రతి మురుగు కోడులో ఉంది. ఏ ఎర వేసినా ముందు తనే తగులుతుంది. రూప్‌చంద్, పంగాసియస్ చేపలు పెంపకం చెరువుల నుంచి తప్పించుకుని వస్తాయి. నిషేధం ఉన్న ఆఫ్రికా క్యాట్‌ఫిష్ దొంగచాటుగా పెరుగుతూనే ఉంది. అక్వేరియంల నుంచి బయటపడ్డ గట్టి పొలుసుల దెయ్యం చేప తినడానికీ పనికిరాదు, వలనూ చింపుతుంది. తిలాపియాను తిరిగి నీళ్లలో వదిలేయాలా వద్దా అన్న చర్చ గట్ల మీద నడుస్తుంటుంది. వదలకూడదన్నదే సబబు, వేయించుకుంటే రుచికి లోటేమీ లేదు.

పాట పాడిన చెరువు

గాలానికి అడ్డు చెప్పేవారు లేరనుకోవడం పొరపాటు. పంచాయతీ చెరువుల్లో చేపల హక్కును ఏటా వేలం వేస్తారు, లేదా మత్స్యకార సహకార సంఘాలకు ఇస్తారు. పాట పాడుకున్నవారి అనుమతి లేకుండా గాలం వేస్తే అది దొంగతనమే. పిల్లలు పరిగెలు పట్టుకుంటుంటే చూసీ చూడనట్టు ఊరుకుంటారు, పెద్దవాళ్లు శీలావతి లాగితే ఊరుకోరు. కాలువ రేవుల దగ్గర మామూలుగా ఎవరూ అడగరు. పెద్ద జలాశయాల్లో మత్స్యశాఖ లైసెన్సు పద్ధతి ఉంది. నీళ్లలో మందుగుండు పేల్చడం, విషం కలపడం 1897 నాటి భారత మత్స్య చట్టం కిందే నేరాలు. ఇప్పుడు వీటికి కరెంటు తీగ, బ్యాటరీ తోడయ్యాయి. పిల్ల, పెద్ద తేడా లేకుండా నీటిలో ఉన్నదంతా తేలిపోతుంది, వేసినవాడే పోయిన సందర్భాలూ ఉన్నాయి.

అమెరికాలో స్థిరపడ్డ గోదావరి జిల్లాలవాళ్లకు అక్కడి సరస్సు గట్టున మొదట ఎదురయ్యే తేడా ఇదే. ప్రతి రాష్ట్రంలో వయోజనులు లైసెన్సు కొనుక్కోవాలి, రోజుకు ఏ రకం ఎన్ని, ఎంత పొడవుకు తక్కువైతే వదిలేయాలి అన్న లెక్కలుంటాయి. మిన్నెసోటాలో వాలై చేప గుడ్లు పెట్టే వసంతంలో దాని వేటను ఆపేసి మే నెల మధ్యలో తెరుస్తారు. గోదావరి చేపలు గుడ్లు పెట్టేది వానల్లో. కాబట్టి ఇక్కడ అదే సూత్రం పాటిస్తే మాఘ ఫాల్గుణాలు తెరిచి ఉంచాల్సిన నెలలు, ఆషాఢ శ్రావణాలు మూసేయాల్సినవి అవుతాయి.

పులుసులోకి

పట్టిన చేప ఇంటికి చేరాక పని ఇంకా ఉంది. కొర్రమీను, మార్పుల జిగురు వదలడానికి బూడిదతోనో రాళ్ల ఉప్పుతోనో రాయి మీద తోముతారు. పరిగెలను తలతీసి, కారం పసుపు పట్టించి కరకరలాడేలా వేయిస్తే ముళ్లతో సహా నమలొచ్చు. పులుసుకు ఈ రోజుల్లో చింతపండు ఒక్కటే దిక్కు కాదు. మార్చి వచ్చేసరికి లేత మామిడికాయ దొరుకుతుంది, ఉగాది దాటాక చింతచిగురు. మామిడికాయ ముక్కలు పడ్డ కొర్రమీను పులుసు, చింతచిగురు వేసిన చిన్నచేపల కూర ఈ కాలపు వంటలే. పులుసు మట్టి దాకలో కాచి మర్నాటికి ఉంచితే ఇంకా బాగుంటుందన్నది పులస ఒక్కదానికే చెల్లే మాట కాదు.

కాలువ కట్టాక

ఏప్రిల్‌లో ధవళేశ్వరం దగ్గర తలుపులు దించాక రెండు మూడు రోజుల్లో కాలువ ఎండదు; మడుగులు మడుగులుగా తెగుతుంది. వంతెనల కింద, లాకుల దిగువన, రేవు గుంటల్లో నీరు నిలుస్తుంది, కాలువ పొడవునా ఉన్న చేప వాటిలో ఇరుక్కుంటుంది. అక్కడితో గాలం పని అయిపోతుంది. ఊరి జనం వలలు, బుట్టలు, చీరలు, ఉత్త చేతులతో దిగుతారు. పూట గడవకముందే మడుగు ఖాళీ. మిగిలిన బురద గుంటల్లో కొర్రమీను, ఇంగిలాయి గాలి పీలుస్తూ ఉంటాయి; కొన్ని కొంగలకు, కొన్ని చేతులకు చిక్కగా, కొన్ని బురద కిందకు పోతాయి. పూడికతీత యంత్రాలు వచ్చేది కూడా అప్పుడే. జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలాక కాలువలో తొలి చేప కనబడటానికి ఆ బురదలో మిగిలినవీ, వరద వెంట గోదావరి నుంచి వచ్చేవీ ఆధారం. పూడిక ఎంత లోతుకు తీశారన్న దాన్ని బట్టి మరుసటి మాఘంలో ఏ రేవు దగ్గర ఏ చేప ఉంటుందో మారుతుంది.